పంక్ కవర్లకు జానర్ గడిలో ఏం రాయాలి? అసలు పాటను చూసా, బ్యాండును చూసా?

క్యాసెట్‌కాలం:

హార్డ్ డిస్కులో దాదాపు 400 కవర్ పాటలున్నాయి (ఒకరి పాటను ఇంకో బ్యాండు తన పద్ధతిలో వాయించినవి), అన్నీ ఎంపీ3లు. చేతులు మారి మారి వచ్చినవి కాబట్టి ట్యాగులు (ఫైల్లోనే ఉండే పాట వివరాలు) ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసిపెట్టారు. జానర్ (సంగీత శైలి) దగ్గర కొన్నిటికి 'పంక్' (దురుసుగా, వేగంగా వాయించే రాక్), కొన్నిటికి 'రాక్', కొన్నిటికి ఉత్త 'కవర్', మరికొన్నిటికి అసలు పాట జానరే ఉంది. సగానికి పైగా 'పంక్' అనే ఉంది గానీ వింటే ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. వీటన్నిటినీ ఓ దారికి తేవాలి.

తేల్చుకోలేకపోతున్నవి ఇవీ. క్లాష్ వాయించిన 'పోలీస్ అండ్ థీవ్స్': పాట రెగే (జమైకా సంగీతం), బ్యాండ్ పంక్. రమోన్స్ 'బేబీ, ఐ లవ్ యూ': బ్యాండ్ పంకే, వినపడేదంతా వయొలిన్లు. గోల్డ్‌ఫింగర్ '99 రెడ్ బెలూన్స్': వీళ్ళది స్కా పంక్ (జమైకా స్కా దరువు కలిపిన పంక్) అంటారు, ఇందులో స్కా ఏదీ? ఇవి కాక టాకింగ్ హెడ్స్ 'టేక్ మీ టు ద రివర్', ఏలియన్ యాంట్ ఫార్మ్ 'స్మూత్ క్రిమినల్'.

ఇంకో తలనొప్పి ఏంటంటే, బ్యాండ్ పేర్లే తప్పుగా ఉన్న ఫైళ్ళు బోలెడు. వేగంగా వాయించిన ప్రతి కవర్‌కూ ఎవరో పేరున్న కాలిఫోర్నియా బ్యాండ్ పేరు తగిలించేశారు. ఒక్కోటీ విని పోల్చుకోవడం తప్ప వేరే దారి ఉందా?

డౌన్‌స్ట్రోక్:

జానర్ రికార్డింగుకు చెందిన మాటండీ. పాటకు వరస ఉంటుంది, సాహిత్యం ఉంటుంది, రాసినవాళ్ళు ఉంటారు. జానర్ మాత్రం వాయించేవాళ్ళ చేతిలో పుడుతుంది. అందుకే అసలు పాట జానర్‌ని వినకుండా కవర్‌కు తగిలిస్తే తప్పే. బ్యాండ్ జానర్ తగిలిస్తే పదింట ఏడెనిమిదిసార్లు సరిపోతుంది, మిగతా చోట్ల దెబ్బ తింటాం. మీ జాబితాలోవన్నీ ఆ మిగతా బాపతే.

'లూయీ లూయీ' తీసుకోండి. 1957లో రిచర్డ్ బెర్రీ పాడినప్పుడు అది చా-చా లయ మీద నడిచే రిథమ్ అండ్ బ్లూస్. 1963లో పోర్ట్‌లాండ్ కుర్రాళ్ళు కింగ్స్‌మెన్ దాన్ని గరాజ్ రాక్ (కుర్ర బ్యాండ్ల మొరటు రాక్) చేశారు. 1981లో బ్లాక్ ఫ్లాగ్ మాటలు కూడా మార్చేసి హార్డ్‌కోర్ (ఇంకా వేగం, ఇంకా అరుపులున్న పంక్) చేసింది. పాట ఒకటే, జానర్లు మూడు. కింగ్స్‌మెన్ వాయించిన కార్డులు (కలిపి మోగించే స్వరాలు) ఏ మేజర్, డీ మేజర్, ఈ మైనర్. ఆ మూడోది మైనర్ కావడమే ఆ పాటకున్న చిన్న మెలిక. పంక్ గిటారిస్టు దీన్ని పవర్ కార్డులతో పట్టుకుంటాడు: ఆరో తీగ 5వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది గడి), ఐదో తీగ 7, నాలుగో తీగ 7 నొక్కితే ఏ. అదే ఆకారం ఒక తీగ కిందికి జరిపితే డీ. దాన్ని రెండు ఫ్రెట్లు ముందుకు తోస్తే ఈ. ఈ ఆకారంలో ఉన్నది ఆధార స్వరం, పంచమం, పైస్థాయి ఆధారం, అంతే. గాంధారం లేదు. మేజరో మైనరో చెప్పేది గాంధారమే కదా! అది ఎగిరిపోయేసరికి 'లూయీ లూయీ' కార్డులూ 'వైల్డ్ థింగ్' కార్డులూ ఒకటైపోతాయి. కవర్ 'పంక్‌లా' వినపడడానికి వేగం కంటే ముందు ఇదే కారణం.

చెవితో తేల్చుకోవాలంటే ముందు డ్రమ్ములు, తర్వాత గిటారిస్టు కుడిచెయ్యి, ఆఖర్న గొంతు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), స్నేర్ (టక్‌మనే చిన్న డ్రమ్ము) సందు లేకుండా దుమ్-టక్-దుమ్-టక్ అని మారి మారి పడుతుంటే స్కేట్ పంక్ లేదా హార్డ్‌కోర్. గొంతు వరస తప్పకుండా పాడుతూ, పైన హార్మొనీలు కూడా ఉంటే మొదటిది. అరుపే తప్ప వరస లేకపోతే, నిమిషం నిమిషంన్నరలో పాట అయిపోతే రెండోది. డ్రమ్ములు మామూలు రాక్ దరువే అయినా గిటార్ ఆగకుండా కిందికే కొడుతూ పోతుంటే, అంటే ఎనిమిదికి ఎనిమిదీ డౌన్‌స్ట్రోకులే అయితే, 1976-77 నాటి పంక్. చరణంలో అరచేతి అంచుతో తీగలు నొక్కిపట్టి, పల్లవి రాగానే వదిలేస్తే పాప్ పంక్. గిటార్ బీటు మీద కాకుండా బీట్ల మధ్య పైకి గీరుతుంటే స్కా.

ఇప్పుడు మీవి. 'పోలీస్ అండ్ థీవ్స్' ఆరు నిమిషాలుంటుంది, ఆ ఆల్బంలో అదే పెద్దది. ఒక గిటార్ బీటు మీద, ఇంకోటి ఎదురు బీటు మీద నడుస్తాయి. పంక్, రెగే రెండూ రాయండి. ఒకటే రాయాలంటే పంక్. 'బేబీ, ఐ లవ్ యూ' పాప్, రెండో ఆలోచన వద్దు. 1963లో రోనెట్స్ చేత ఆ పాట పాడించిన ఫిల్ స్పెక్టరే 1980లో రమోన్స్‌కీ నిర్మాత. తన పాత పద్ధతినే మళ్ళీ దించాడు. బ్రిటన్ చార్టులో 8వ స్థానం దాకా వెళ్ళింది గానీ పంక్ అందులో లేదు. '99 రెడ్ బెలూన్స్'లో పైకి గీరే గిటార్ లేదు, బాకాలు లేవు. పాప్ పంక్. మధ్యలో ఒక చరణం జర్మన్‌లో ఉంటే మీ దగ్గరున్నది నిజంగా గోల్డ్‌ఫింగర్‌దే. రీల్ బిగ్ ఫిష్ 'టేక్ ఆన్ మీ' ఉంటే దానికి మాత్రం స్కా పంక్ రాయండి. ఆ-హా బ్యాండు వాళ్ళ అసలు పాటే 169 బీపీఎం (నిమిషానికి బీట్లు) దగ్గర పరుగెడుతుంది కాబట్టి వేగం చూసి పోల్చలేరు, తేడా అంతా బాకాల్లోనూ ఆ పైకి గీరడంలోనూ ఉంది.

'టేక్ మీ టు ద రివర్' న్యూ వేవ్ (పంక్ నుంచి పుట్టిన కాస్త మెత్తటి శైలి). 'స్మూత్ క్రిమినల్' ఆల్టర్నేటివ్ మెటల్: ఆగి ఆగి కొట్టే బరువైన రిఫ్, మధ్యరకం వేగం. 2001 నుంచీ దాన్ని పంక్ అంటూనే ఉన్నారు, ఎందుకో అర్థం కాదు.

రెండోసైడు:

డౌన్‌స్ట్రోక్ గారి పరీక్ష బాగుంది గానీ గొంతును ఆఖర్న పెట్టడం నాకు ఒప్పుదల కాదు. సెక్స్ పిస్టల్స్ పంక్ బ్యాండ్ సిడ్ విషస్ 1978 నాటి 'మై వే' కవర్ వినండి. మొదలు తీగవాద్యాలు, నెమ్మది నడక. డ్రమ్ములూ గిటారూ చూసి తేల్చాలంటే ఆ మొదటి భాగానికి సున్నా మార్కులు. కానీ ఆ వెక్కిరింత గొంతు వినపడిన మొదటి మాటకే అది పంక్ అని తెలిసిపోతుంది. తర్వాత గిటార్లు విరుచుకుపడడం లాంఛనం మాత్రమే.

ఇంకోటి. జానర్ పేరు అర్థం కాలాన్ని బట్టి మారింది. 1972లో లెన్నీ కే 'నగెట్స్' సంకలనం వేసినప్పుడు లోపలి వ్యాసంలో పంక్ రాక్ అన్నది 1960ల గరాజ్ బ్యాండ్లనే. అప్పటికి రమోన్స్ పుట్టనే లేదు. కాబట్టి ఎక్కడైనా కింగ్స్‌మెన్ పక్కన 'పంక్' కనిపిస్తే అది తప్పు కాకపోవచ్చు, పాత వాడుక. న్యూ వేవ్ సంగతి ఇంకా తమాషా. పంక్ అంటే రేడియోలు దడుచుకుంటున్నాయని సైర్ రికార్డ్స్ అధిపతి సీమర్ స్టైన్ ఆ పేరును ముందుకు తోశాడు. టాకింగ్ హెడ్స్ ఆ కంపెనీ బ్యాండే. 1978లో వాళ్ళు అల్ గ్రీన్ పాటను ఇంకా నెమ్మది చేసి వాయించారు. సరుకు పెద్దగా మారలేదు, డబ్బా మీద పేరు మారింది.

ఆల్బం పేరు చూసి అస్సలు మోసపోవద్దు. 'పంక్ గోస్ పాప్' వరస మొదటిది 2002లో వచ్చింది. తర్వాతి సంపుటాల్లో ఎక్కువమంది పోస్ట్-హార్డ్‌కోర్, మెటల్‌కోర్ వాళ్ళే. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో వాటిలో పంక్ అంత.

ఒక పిడకల వేట: బ్రిటన్ తొలి పంక్ సింగిల్‌గా చెప్పే డ్యామ్డ్ 'న్యూ రోజ్' 1976 అక్టోబరులో వచ్చింది. దాని వెనక వైపు ఉన్నది బీటిల్స్ 'హెల్ప్!' కవర్. రెండుంబావు నిమిషాల పాటను రెండు నిమిషాల లోపే చుట్టేశారు. అంటే కవర్ వాయించడం పంక్‌కు తర్వాత అంటుకున్న సరదా కాదు, బోణీ నాటి నుంచే ఉంది.

డౌన్‌స్ట్రోక్:

'మై వే' విషయంలో ఒప్పుకుంటాను. అయితే గొంతును ముందు పెడితే 400 ఫైళ్ళకీ వాదనలే మిగులుతాయి. వెక్కిరింత ఒకరికి వినిపిస్తుంది, ఇంకొకరికి వినిపించదు. స్నేర్ ఎక్కడ పడిందో అందరికీ ఒకేలా వినిపిస్తుంది.

ట్యాగుమేస్త్రి:

మీ ఫైళ్ళలో సగం 'పంక్' అని ఎందుకున్నాయో చెప్తాను. ఎంపీ3లో ట్యాగులు రాసే పద్ధతి పేరు ఐడీ3. దాని పాత వెర్షన్ 1లో ట్యాగు మొత్తం ఫైలు చివరి 128 బైట్లు. అందులో జానర్‌కు ఒక్కటే బైటు. మాట రాయడానికి చోటు లేదు, ఒక అంకె వేయాలి. మొదటి జాబితా 0 నుంచి 79 వరకు. 17 రాక్, 21 స్కా, 43 పంక్. పాప్ పంక్, స్కా పంక్, స్కేట్ పంక్ లాంటివి అందులో లేవు. తర్వాత విన్‌యాంప్ అనే పాటల సాఫ్ట్‌వేర్ వాళ్ళు జాబితా పెంచి 121 దగ్గర పంక్ రాక్ చేర్చారు, అయినా తీరలేదు. చేతిలో ఉన్న అంకెల్లో దగ్గరది 43 కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టేశారు.

'కవర్' అన్న ఫైళ్ళ సంగతి కూడా అంతే. ఐడీ3 వెర్షన్ 2లో జానర్ ఫ్రేముకు (గడికి) రెండు ప్రత్యేక సంకేతాలిచ్చారు: రీమిక్స్‌కు ఆర్ఎక్స్, కవర్‌కు సీఆర్. ఎక్కడైనా జానర్‌లో ఉత్త 'సీఆర్' కనిపిస్తే అదే ఇది. ప్రమాణం రాసినవాళ్ళే కవర్‌ను జానర్ గడిలో కలిపేశారు, ఇక మామూలు జనాన్ని ఏమంటాం.

ఇప్పుడు పని. మొదట మొత్తం ఫోల్డరును వేరే డిస్కులోకి కాపీ చేయండి. ట్యాగు మార్చాక 'వెనక్కి' మీట ప్రతిసారీ మనల్ని కాపాడదు. తర్వాత ఒక పది ఫైళ్ళు మాత్రం తీసుకుని కింద చెప్పినవన్నీ చేసి, మీరు పాటలు వినే ఫోనులో, కారులో పెట్టి చూడండి. అప్పుడే మిగతా 390 జోలికి వెళ్ళండి.

బ్యాండ్ పేరు తప్పున్న వాటికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ట్యాగుల సాఫ్ట్‌వేర్ వాడండి. ఇందులో 'లుకప్', 'స్కాన్' అని రెండు మీటలుంటాయి. చాలామంది లుకప్ నొక్కి, పికార్డ్ పనికిరాదని తిడతారు. లుకప్ ఫైల్లో ఉన్న ట్యాగునే పట్టుకుని వెతుకుతుంది. తప్పు పేరు ఇస్తే తప్పు పేరుతోనే వెతుకుతుంది. స్కాన్ శబ్దాన్ని విని వేలిముద్ర లాంటిది తీసి అకూస్టిడ్ అనే వేలిముద్రల నిల్వతో పోలుస్తుంది, ట్యాగులో ఏమున్నా దానికి పట్టదు. మీకు కావాల్సింది స్కాన్. వచ్చిన ఫలితాన్ని గుడ్డిగా సేవ్ చేయకుండా నిడివి చూడండి. మీ ఫైలు 2:31, వాళ్ళ లెక్క 2:58 అయితే అది ఇంకో వెర్షనో, తోక తెగిన ఫైలో. కచేరీ రికార్డింగులు, ఎల్పీ నుంచి దించేటప్పుడు వేగం తేడా వచ్చినవి, ఎక్కడా నమోదు కాని డెమోలు స్కాన్‌కు దొరకవు. వాటికి చెవులే గతి.

జానర్ గడిలో రెండు మాటలు రాయాలంటే ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో వాటి మధ్య రెండు వెనకవాలు గీతలు (\\) పెట్టండి. కామా పెడితే 'పంక్, రెగే' అని కొత్త జానర్ ఒకటి పుడుతుంది, పంక్ జాబితాలో ఆ పాట రాదు.

కవర్ అన్న విషయాన్ని జానర్‌లో పెట్టకుండా, అసలు కళాకారుడి గడి వేరే ఉంది, టీఓపీఈ, అందులో తొలుత పాడినవాళ్ళ పేరు రాయండి. ఆ గడి నిండి ఉంటే కవర్, ఖాళీగా ఉంటే సొంత పాట. తర్వాత ఆ గడి మీదే వడపోత పెట్టుకోవచ్చు. రాసినవాళ్ళ పేరు స్వరకర్త గడిలోకి, టీసీఓఎం. ఇక్కడ ఒక గుంట ఉంది, చూసుకుని నడవండి. 'అసలు సంవత్సరం' గడిలో తొలి పాట ఏడాది వేయాలనిపిస్తుంది. వేయకండి. పికార్డ్ ఆ గడిని ఈ రికార్డింగు ఉన్న ఆల్బం మొదట ఎప్పుడు విడుదలైందో చెప్పడానికి వాడుకుంటుంది, మీరు 1963 అని రాసింది మళ్ళీ తెరిచి సేవ్ చేయగానే 1977 అయిపోతుంది. అసలు పాట ఏడాది కావాలంటే ఎంపీ3ట్యాగ్‌లో సొంత గడి ఒకటి సృష్టించుకోండి.

సేవ్ చేసేటప్పుడు ఐడీ3 వెర్షన్ 2.3, అక్షరాల సంకేత పద్ధతి యూటీఎఫ్-16 ఎంచుకోండి. పాత కారు స్టీరియోలు 2.4 చూసి తెల్లమొహం వేస్తాయి. తెలుగు లిపిలో పేర్లు రాసే అలవాటుంటే వెర్షన్ 1 ట్యాగును పూర్తిగా తీసేయండి. దానికి 30 బైట్ల గడి, అదీ లాటిన్ అక్షరాలకు కట్టింది. తెలుగు అందులో పిచ్చిగీతలైపోతుంది.

క్యాసెట్‌కాలం:

లుకప్, స్కాన్ తేడా తెలియకే ఇన్నాళ్ళూ తంటాలు పడ్డది. పది ఫైళ్ళతో చేశాను, ఆరింటికి బ్యాండ్ పేరే వేరేది వచ్చింది! బీపీఎం కూడా సాఫ్ట్‌వేర్‌తో కట్టిద్దామంటే ఒకే రకం పాటలకు కొన్నిటికి 95, కొన్నిటికి 190 చూపిస్తోంది.

చర్చ కొంచెం పక్కకు పోతుంది, అయినా అడుగుతాను. తెలిసిన కుర్రాళ్ళ బ్యాండొకటి ఓ పాత తెలుగు మెలొడీని పంక్‌లో వాయించాలని చూస్తోంది. 6/8, అంటే తకిట తకిట నడక. వేగం పెంచితే మాటలు ముద్దగా వస్తున్నాయి, తగ్గిస్తే పంక్ పోతోంది. ఎక్కడ తప్పుతోంది?

మూడోఫ్రెట్టు:

మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే. 95కీ 190కీ తేడా పాటలో లేదు, లెక్కపెట్టే తీరులో ఉంది. స్నేర్‌ను పట్టుకుంటే 190, గొంతును పట్టుకుంటే 95. ట్యాగుల్లో ఏదో ఒకటి పెట్టుకుని 110 లోపు వచ్చిన పంక్ ఫైళ్ళన్నిటినీ రెట్టింపు చేసేయండి. రెగే కవర్లను మాత్రం ముట్టుకోకండి.

బ్యాండు చేస్తున్న పొరపాటు కూడా అక్కడే. పాట వేగం పెంచుతున్నారు. పెంచాల్సింది డ్రమ్ముల సాంద్రత. లెక్క చూడండి: 100 బీపీఎం పాటలో బీటుకు నాలుగు అక్షరాలు పడుతున్నాయంటే సెకనుకు దాదాపు ఏడు. నోరు స్పష్టంగా తిరిగేది అక్కడిదాకానే. 140కి తోస్తే సెకనుకు తొమ్మిది దాటుతుంది, అక్కడ ఏ గాయకుడైనా ముద్ద చేస్తాడు. గొంతును 100 దగ్గరే ఉంచి, ఇంకా అయితే 108కి తీసుకెళ్ళి, డ్రమ్మరును 200-216 లెక్కన దుమ్-టక్ కొట్టమనండి. కింద రైలు, పైన కిటికీ దగ్గర కూర్చున్న మనిషి. స్కేట్ పంక్ కవర్లలో ఎక్కువ భాగం ఇలా కట్టినవే.

6/8కి రెండు దారులు. మొదటిది, 6/8లోనే ఉండి దౌడు తీయించడం. పోగ్స్, డ్రాప్‌కిక్ మర్ఫీస్ లాంటి ఐరిష్ పంక్ బ్యాండ్లకు ఈ నడక కొత్త కాదు. డ్రమ్మరుకు తకిటలో త మీద కిక్, తర్వాతి తకిటలో త మీద స్నేర్. సులువు, పాట చెడదు. కాకపోతే దుమ్-టక్ దురుసు రాదు.

రెండోది, మూడును నాలుగు చేయడం. ప్రతి తకిటనూ నాలుగు సమాన మాత్రల్లో సర్దాలి. ఇక్కడే తెలుగు అడ్డం తిరుగుతుంది. ఇంగ్లిషు పాటల పద్ధతిలో మొదటి అక్షరాన్ని రెండు మాత్రలు సాగదీస్తారు: తా-కి-ట. తెలుగులో మొదటి అక్షరం గురువైతే పరవాలేదు. 'రాగము' అన్నదాన్ని ఎంత సాగదీసినా రాగమే. లఘువైతే మాట విరుగుతుంది. 'మనసు' కాస్తా 'మానసు', 'కలలు' కాస్తా 'కాలలు' అయి కూర్చుంటుంది. అలాంటి చోట్ల చివరి అక్షరాన్ని సాగదీయండి: త-కి-టా. 'మనసూ', 'కలలూ' అని పాడుకోవడం మనకు అలవాటే, చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. సాహిత్యం కాగితం మీద రాసుకుని, ప్రతి తకిట పైన తా-కి-టనో త-కి-టానో గుర్తు పెట్టుకుని మరీ రిహార్సల్‌కు కూర్చోండి. ఒకే పాదంలో రెండు రకాలూ వస్తాయి, వస్తే రానివ్వండి, ఆ తడబాటే బాగుంటుంది.

కార్డుల సంగతి: పాత మెలొడీల్లో మేజర్ నుంచి అదే ఆధారం మీద మైనర్‌కు జారే చోటు తరచూ ఉంటుంది. పాట గుండె సాధారణంగా అక్కడే. రెండు గిటార్లూ పవర్ కార్డులు పట్టుకుంటే ఆ జారుడు మాయమవుతుంది, రెండు చోట్లా ఒకే కార్డు మోగుతుంది. ఒక గిటార్ పవర్ కార్డులోనే ఉండి, రెండోది ఆ రెండు గాంధారాలను ఒంటి స్వరాలుగా వాయిస్తే చాలు. రెండో గిటార్ లేకపోతే బేస్ వాయించేవాడు ఆ ఒక్క బారులో (ఒక తాళపు చుట్టులో) గాంధారం పట్టుకోవాలి.

గెయిన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే మీట) తగ్గించండి. అందరూ చేసే తప్పు ఇది. గెయిన్ 10కి 8 పెడితే గదిలో గొప్పగా ఉంటుంది, రికార్డులో కార్డు మారింది కూడా తెలియదు. 5 దగ్గర ఆపి, మిడ్ (మధ్యస్థాయి శబ్దం) పెంచండి. లావు రావాలంటే అదే భాగాన్ని రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. ఒకసారి వాయించింది కాపీ చేసి రెండు వైపులా పెడితే వెడల్పు రాదు, మధ్యలోనే కాస్త గట్టిగా వినపడుతుంది. ఎడమకూ కుడికీ ఉండే ఆ చిన్న చిన్న తేడాలే వెడల్పు. బేస్ వేళ్ళతో కాకుండా పిక్‌తో.

గమకాలన్నీ గిటార్ మీదికి దించాలని చూడకండి. డిస్టార్షన్‌లో రెండు తీగలు కలిపి వంచితే గొర్రె అరుపులా ఉంటుంది. పాటను పట్టిచ్చే గమకం ఒకటో రెండో ఉంటాయి, వాటిని గొంతుకే వదిలేసి ఆ చోట గిటార్ ఆపేయండి. చరణాల మధ్య వయొలిన్ బిట్టు పదహారు బారులుంటే ఎనిమిదికి కోసి, ఆ వరసనే గిటార్ మీద ఆక్టేవ్ జతలుగా వాయించండి. రెండో చరణం సగం తీసేసినా నష్టం లేదు. చివర ఫేడవుట్ వద్దు, ఆఖరి మాట మీద టక్కున ఆపాలి.

సెక్షన్‌నంబరు:

ఇంట్లోనో రిహార్సల్ గదిలోనో వాయించుకుంటే ఎవరూ అడగరు. రికార్డు చేసి బయట పెట్టాలంటే రెండు మాటలు గుర్తుంచుకోండి. భారత కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 31సి కవర్ వెర్షన్లకు చట్టబద్ధ లైసెన్సు ఇస్తుంది, కానీ తొలి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి. 2022 పాటకు 2028 జనవరి దాకా ఆగాలి. ముందుగా నోటీసు, ముందుగా రాయల్టీ, అదీ ఏడాదికి ఒక్కో పాటకు కనీసం 50,000 కాపీల లెక్కన. కుర్రాళ్ళ బ్యాండుకు ఇది మోయలేని బరువు. పైగా సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప మాటలూ వరసా మార్చకూడదు అంటుంది. మూడోఫ్రెట్టు గారు చెప్పినట్టు చరణం కోసి, నడక మార్చాక ఆ షరతుకు నిలబడుతుందనుకోవడం కష్టం. నేరుగా హక్కుదారు అనుమతి తీసుకోవడమే దారి.

అమెరికా చట్టం సెక్షన్ 115 ఇక్కడ కొంచెం ఉదారం. వాయించేవాళ్ళ శైలికి తగ్గట్టు కూర్పు మార్చుకోవచ్చు, మూల వరసా పాట స్వభావమూ మారకూడదు. అక్కడ పంక్ కవర్ ఆల్బంలు పుంఖానుపుంఖాలుగా రావడానికి ఇదొక కారణం. మాటలు మార్చితే మాత్రం అక్కడా విడిగా అడగాల్సిందే. వీడియో కూడా పెడితే ఈ లైసెన్సు చాలదు, సింక్ (పాటను దృశ్యానికి జోడించే) అనుమతి వేరు.

పంపిణీ సంస్థల ఫారంలో కూడా జానర్ గడి వేరు, కవరా కాదా అనే గడి వేరు. రికార్డింగుకు కొత్త ఐఎస్ఆర్‌సీ సంఖ్య వస్తుంది, పాటకు ఐఎస్‌డబ్ల్యూసీ పాతదే. పాట వేరు, రికార్డింగు వేరు అని డౌన్‌స్ట్రోక్ గారు చెప్పిందే కాగితాల్లోనూ ఉంది.

ట్యాగుమేస్త్రి:

క్యాసెట్‌కాలం గారూ, టీఓపీఈ నింపేటప్పుడు బాగా పేరొచ్చిన వెర్షన్ వాళ్ళని రాసేయకండి. క్లాష్ 1979లో వాయించిన 'ఐ ఫాట్ ద లా'కు అందరూ బాబీ ఫుల్లర్ ఫోర్ అని రాస్తారు. క్లాష్ విన్నది ఆ వెర్షనే, నిజమే. కానీ పాట సోనీ కర్టిస్‌ది, మొదట రికార్డు చేసింది క్రికెట్స్. రమోన్స్ 'నీడిల్స్ అండ్ పిన్స్'కు సర్చర్స్ అని రాస్తారు, ముందు పాడింది జాకీ డీషానన్. 'సర్ఫిన్ బర్డ్' మరీ చిక్కు: ట్రాష్‌మెన్ 1963లో చేసిందే రివింగ్టన్స్ పాటలు రెండు కలిపి కుట్టిన బొంత. దానికి టీఓపీఈలో ట్రాష్‌మెన్, టీసీఓఎంలో రివింగ్టన్స్ సభ్యుల పేర్లు పెట్టండి. బ్లాండీ 'హ్యాంగింగ్ ఆన్ ద టెలిఫోన్' మీ కవర్ల ఫోల్డరులో లేకపోతే సొంత పాటల ఫోల్డరులో వెతకండి, అది నర్వ్స్ అనే బ్యాండ్ 1976లో వేసిన పాట. అనుమానం వచ్చిన ప్రతిదానికీ సెకండ్‌హ్యాండ్‌సాంగ్స్ అనే వెబ్‌సైటులో పాట పేరు కొట్టి, వెర్షన్లను ఏడాది వరసలో పెట్టి పైదాన్ని తీసుకోండి.